థాంక్స్ చెప్పకూడని మొక్క

శుక్రవారం తెల్లవారుజామునే లేచి వెర్నీస్ ప్రూయెట్ సంచీ సర్దుకుంది. అడుగున రెండు జతల బట్టలు, వాటిమీద బీపీ మాత్రలు, చర్చికి పెట్టుకునే నీలం టోపీ నలగకుండా పాత దిండు గలీబులో. మధ్యలో, బట్టల మడతల్లో, మూడు వస్తువులు. ఒకటి అమ్మ ఫోటో. రెండోది ఇరవై మూడేళ్ళనాటి ఉత్తరం, అందులో ఉన్నవి రెండే వాక్యాలు. మూడోది వెనీలా ఎసెన్స్ సీసా. సీసాలో ఉన్నది వెనీలా కాదు. నరికిన చెట్ల మోళ్ళు మళ్ళీ చిగురించకుండా పోసే మందు. మూత బిగించి, గుడ్డ చుట్టి, రబ్బరు బ్యాండు వేసింది. మూత సరిగా బిగిసిందో లేదోనని అదంతా విప్పి చూసుకుని మళ్ళీ చుట్టింది.

ఈ కథ వెంట మొదటినుంచీ నడిచినవాళ్ళకు ఈ మూడూ తెలిసినవే. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. అలబామాలో బెల్‌ఫోర్క్ అనే చిన్న ఊళ్ళో, వెర్నీస్ తల్లి జెల్ఫియా ప్రూయెట్ ఇంటి ముందు ఒక అజేలియా పొద ఉండేది. ఆవిడ వాగు ఒడ్డు నుంచి తెచ్చి నాటుకున్నది. వెన్న రంగు పువ్వు, గొంతులో ఎర్రటి చార. అలాంటి పువ్వు చుట్టుపక్కల ఏ జిల్లాలోనూ లేదు. 1970 వసంతంలో, సముద్రానికి పోతూ పోతూ అట్లాంటా నుంచి వచ్చిన మిసెస్ మారియన్ థ్రెయిల్‌కిల్ దాన్ని చూసి కారాపింది. కంచె బయట నిలబడి, తన పేరూ చిరునామా చెప్పి, ఒక్క కొమ్మ అడిగింది. జెల్ఫియా ఇవ్వనంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, ఆమె వేళ్ళు దిగేందుకు మట్టిలోకి వంచి నేలంటు తొక్కి పెట్టుకున్న కొమ్మ వేళ్ళతో సహా మాయమైంది. పైన బరువుకి పెట్టిన ఇటుక పక్కకి పడి ఉంది.

అదే వారం జెల్ఫియా చిన్న కూతురు లుటీషియా, ఇంట్లో అందరికీ లూటీ, వసంతంలో అట్లాంటా ఎలా ఉంటుందో చూసొస్తానని బస్సెక్కింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. బస్టాండులో కాచుకుని ఉన్న బంధువులకు ఆమె కనబడనే లేదు. పట్నం మోజులో పారిపోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు. పోలీసులు అదే మాట కాగితం మీద రాసుకున్నారు. ఒకే వారంలో రెండు పోగొట్టుకున్న తల్లి, పిల్ల కోసం ఎవరిని నిలదీయాలో తెలియక, మొక్క కోసం మిసెస్ థ్రెయిల్‌కిల్‌కి ఉత్తరం రాసింది. జవాబు వచ్చింది. "మీ పెరట్లో నేను ఎన్నడూ కాలు పెట్టలేదు. ఇక మీదట నాకు ఉత్తరాలు రాయవద్దు." జెల్ఫియా ఆ రెండు వాక్యాలనూ ఎనిమిదేళ్ళు చదువుకుని చనిపోయింది.

పోయిన నెల పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని పత్రిక తిరగేస్తుంటే వెర్నీస్ కంట పడింది ఆ పువ్వు. కింద పేరు 'మారియన్ గోల్డ్' అని ఉంది. అట్లాంటా తోటల సందర్శనలో భాగంగా ఏప్రిల్ పదహారు శనివారం నాడు, టిక్కెట్టు కొన్న ఎవరైనా మిసెస్ థ్రెయిల్‌కిల్ తోటలోకి వెళ్ళవచ్చునని కూడా ఉంది. వెర్నీస్ ఇంటికి రాగానే రెండు టిక్కెట్లకు ఉత్తరం పోస్టు చేసింది.

అనుకున్నది ఇది. నలుగురి ముందు ఫోటో చూపించాలి. దొంగతనం ఆవిడ నోటితోనే ఒప్పించాలి. ఆ గొడవలో ఎవరూ చూడకుండా సీసా పొద మొదట్లో ఒంపెయ్యాలి. అమ్మ పువ్వు ఆ పేరు పెట్టుకుని బతికేకంటే చావడం నయం. బడి భోజనశాలలో ముప్ఫై ఏళ్ళు వండి పెట్టిన చేతులవి. కొలత తప్పవు.

కారు నడిపింది అన్న కూతురు డెల్‌ఫీన్. ముప్ఫై ఏళ్ళది, కుదురు లేని మనిషి. అత్త తనంతట తాను షికారుకి పోదామనడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలని దారి పొడుగునా ఆశ్చర్యపోతూనే ఉంది. అట్లాంటా చేరేసరికి కారు ఏ రంగుదో పోల్చుకోవడానికి లేదు. పైన్ చెట్ల పుప్పొడి పసుపు జల్లినట్టు అద్దాల మీద, రోడ్ల మీద, ఆగి ఉన్న బస్సుల మీద పేరుకుపోయింది. డెల్‌ఫీన్ పది తుమ్ములు తుమ్మి, ఊరంతా పెళ్ళికూతురిలా ఉందని తీర్మానించింది.

మధ్యాహ్నం పెద్ద పార్కులో డాగ్‌వుడ్ పూల పండగకి పోయారు. కొండవాలు పొడుగునా తెల్లటి పువ్వులు, ఆకాశంలో గాలిపటాలు, గుడారాల్లో బొమ్మలు గీసేవాళ్ళు, ఎగిరే పళ్ళేలను నోటితో అందుకునే కుక్కలు. డెల్‌ఫీన్ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొంది, తెడ్ల పడవెక్కింది, ముఖం మీద సీతాకోకచిలుక వేయించుకుంది. వెర్నీస్ ఒక డాగ్‌వుడ్ కింద బెంచీ మీద కూర్చుని, నలభై దాటిన ప్రతి ఆడమనిషి ముఖమూ పరికించి చూసింది. లూటీ ఉంటే నలభై రెండు. ముందు పళ్ళ మధ్య సందు. జనం గుంపుగా ఉన్న ఏ చోటుకి పోయినా ఆమెకు ఇదే పని. ఎవరితోనూ చెప్పుకోలేదు.

డెల్‌ఫీన్ తిరిగొచ్చి శనక్కాయల పొట్లం ఆమె ఒళ్ళో పెట్టింది. "కాస్త నవ్వు అత్తా. పండక్కొచ్చాం, పరామర్శకి కాదు."

"రేపు నవ్వుతాను" అంది వెర్నీస్.

శనివారం పది గంటలకు మిసెస్ థ్రెయిల్‌కిల్ గేటు ముందు బారు తీరిన జనంలో వాళ్ళు కూడా నిలబడ్డారు. గేటు దగ్గర గడ్డిటోపీ పెట్టుకున్న ఎనభై ఏళ్ళ మిస్ హెట్టీ బీజ్లీ చేతుల మీద ఆకుపచ్చ ముద్ర వేస్తోంది. తోటల క్లబ్బుకి అందరికంటే పాత సభ్యురాలు. ఎవరినీ ముద్ర వేసి ఊరికే పంపదు, ఒక మాట కూడా అంటిస్తుంది. వెర్నీస్ టోపీని పైకీ కిందికీ చూసి, ఇంత మంచి టోపీ పెట్టుకుని వస్తే లోపల పువ్వులు చిన్నబుచ్చుకోవూ అంది. ఏ ఊరని అడిగింది. అలబామా అని విని, అయితే చేతికి మట్టి అంటిన మనుషులే అని మెచ్చుకుంది.

"మా అమ్మకి అంటేది" అంది వెర్నీస్. చేతిసంచీలో సీసా మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

ఇటుకలు పరిచిన బాట, తులిప్ మడులు, తెల్ల గుడ్డ పరిచిన బల్లల మీద నిమ్మరసం, జున్ను కారప్పూస. ఇవేవీ వెర్నీస్ చూడలేదు. మలుపు తిరగకముందే వాసన తగిలింది. తేనెలో లవంగం నలిపినట్టుండే వాసన. మలుపు తిరిగాక పొద కనిపించింది. మనిషి ఎత్తు దాటి, ఆకు కనిపించకుండా పూసి ఉంది. అమ్మ పెరట్లో అది నడుం ఎత్తుకి మించలేదు. దొంగసొత్తు ఇంతలా ఎదిగిందా అనుకుంది.

పొద పక్కన ఇత్తడి ఫలకం, ఫలకం పక్కన మారియన్ థ్రెయిల్‌కిల్. డెబ్భై రెండేళ్ళు, లేతాకుపచ్చ సూటు, ముత్యాల దండ, చేతికర్ర. పాతికమంది ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఇరవై సార్లు చెప్పి నున్నగా అరిగిపోయిన కథను ఆవిడ మళ్ళీ ఎత్తుకుంది. అలబామాలో ఒక పూరింటి ముందు తాను ఈ పువ్వు చూసిందట. ఆ ఇంటి ముసలి నల్లావిడ తన మనసు తెలుసుకుని, స్వయంగా పెల్లగించి చేతిలో పెట్టిందట.

"నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి" అంది మారియన్. "ఆవిడ చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాను. ఒకసారి కాదు, కారెక్కేదాకా చెబుతూనే ఉన్నాను."

పాతికమందిలో ఏడెనిమిదిమంది పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రాంతంలో మొక్క ఇచ్చినవాళ్ళకి ఎవరూ థాంక్స్ చెప్పరు. చెబితే వేరు కుళ్ళిపోతుందని పట్టింపు. కోటీశ్వరురాలైనా కూలిమనిషైనా, పిలక చేతిలో పడగానే వానల సంగతో, మోకాళ్ళ నొప్పుల సంగతో ఎత్తుకుంటారు. కొత్తవాళ్ళు తెలియక నోరు తెరిస్తే ఇచ్చేవాళ్ళే చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. నమ్మకం లేనివాళ్ళు కూడా ఈ ఒక్కటీ తప్పరు. దొంగిలించిన మొక్కకి మాత్రం ఏ పట్టింపూ లేదు, అది ఎక్కడ నాటినా ఏపుగా లేస్తుందని వేళాకోళం చేస్తారు.

కాళ్ళు పీకి గేటు వదిలి వచ్చి కుర్చీలో కూలబడిన మిస్ హెట్టీ ఆ వేళాకోళమే ఆడింది. "థాంక్స్ చెప్పినా ఇంత పొద అయిందంటే అది ఇచ్చిన మొక్క కాదు మారియన్. ఎవరి దొడ్లో పెరికావో నిజం చెప్పు."

అందరూ గొల్లున నవ్వారు. మారియన్ కూడా నవ్వబోయింది గాని, మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వెర్నీస్ ఆ మచ్చలు చూసింది. ఆ నవ్వు ఆగకముందే జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి, ఫోటో తీసి ఆవిడ ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది.

"ఆ ముసలి నల్లావిడకి పేరుంది. జెల్ఫియా ప్రూయెట్. నేను ఆవిడ పెద్ద కూతుర్ని. మా అమ్మ చేత్తో మొక్క పుచ్చుకుని థాంక్స్ అని ఉంటే, ఆ క్షణమే మీ చేతిలోంచి లాక్కునేది."

డెల్‌ఫీన్ చేతిలోని కాగితం పళ్ళెంలోంచి కారప్పూస ఒక్కొక్కటే కింద పడింది. వెర్నీస్ ఉత్తరం కూడా తీసి, రెండు వాక్యాలూ గట్టిగా చదివింది. కంచె బయట నిలబడి అడిగిన సంగతి, అమ్మ ఇవ్వనన్న సంగతి, ఏడాది తిరిగేసరికి ఇటుక పక్కకి పడి ఉన్న సంగతి, అన్నీ చెప్పింది. ఇన్నేళ్ళుగా వంటగిన్నెలతో, దిండుతో, అద్దంతో చెప్పుకున్న మాటలే కనుక ఎక్కడా తడబడలేదు. చివరికి, "మీరు దొంగ" అని, అలా అన్నాక ఎదుటి ముఖం ఎలా మాడుతుందో తృప్తిగా చూసింది.

మారియన్ సాయం కోసం చుట్టూ చూసింది. నలభై ఏళ్ళుగా ఏలిన క్లబ్బు అది. మిస్ హెట్టీ కుర్చీలోంచి, జవాబు చెప్పు మారియన్, నేను ఊరికే అన్నాను గాని ఈవిడ ఊరికే అనడం లేదు అంది.

"నేను దొంగని కాను" అంది మారియన్. "జన్మలో ఒకరి సొత్తు ముట్టుకోలేదు. మీ పెరట్లో కాలు పెట్టలేదని రాశాను, అది నిజం. మొక్క నా దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల తెచ్చింది."

"ఏ పిల్ల?"

"వంటింటి తలుపు తట్టింది. పందికొవ్వు డబ్బాలో తెచ్చింది, గోనెగుడ్డ చుట్టి. అంతకుముందు యేడు కంచె దగ్గర నా చిరునామా చీటీ తీసుకున్న పిల్లే. మీ అమ్మ మనసు మారితే రా, ఇక్కడ పని ఇప్పిస్తానని చెప్పాను. నేను థాంక్స్ చెప్పిన మాట నిజం, ఆ పిల్లకి చెప్పాను. అది నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందుండేది."

వెర్నీస్‌కి తోట ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది. డెల్‌ఫీన్ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఇరవై మూడేళ్ళు రెండు దుఃఖాలను రెండు అరల్లో పెట్టి దాచుకుంది. ఒకదానికి దొంగ ఉంది, రెండోదానికి ఎవరూ లేరు. రెండూ ఒకటేనని ఎన్నడూ తట్టలేదు. ఇటుక జరిపింది లూటీ చేతులు. మొక్క డబ్బాని ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు బస్సులో కూర్చుంది లూటీ. అందుకే బంధువుల కంట పడకుండా తిన్నగా ఇక్కడికి వచ్చింది.

ఆమె వేళ్ళు సీసాని వదిలేశాయి. ఆ పొద మీదికి ఇక తన చెయ్యి లేవదని తెలిసింది. కాని కోపం చల్లారలేదు. మొక్క మీది నుంచి లేచి మనిషి మీదికి తిరిగింది.

"తర్వాత?" అంది.

మారియన్ ఇప్పుడు ఫలకం వైపు చూస్తూ మాట్లాడింది. పిల్ల తన బట్టల పెట్టెను వంటింట్లో దింపిందట. సోమవారం నుంచి పనిలో చేరతానందట. పార్కులో డాగ్‌వుడ్‌లు చూసి అయిదింటికి వచ్చేస్తానని వెళ్ళిందట. రాలేదట.

"పెట్టె ఏమైంది?" ఈసారి అడిగింది మిస్ హెట్టీ.

"పైన ఉంది. అటక మీద."

"ఇరవై మూడేళ్ళా?" అంది మిస్ హెట్టీ.

"ఆ పెట్టె మూత లోపల మా అమ్మ సిరాతో మా పేరూ ఊరూ రాసింది" అంది వెర్నీస్. "మీరు ఈ ఉత్తరం రాసిన రోజున పెట్టె మీ ఇంట్లోనే ఉందా?"

"ఉంది."

"పారిపోయే పిల్ల పెట్టె వదిలి పోదని మీకు తెలియలేదా?"

ఇవాళ వస్తుంది, రేపు వస్తుందనుకున్నానంది మారియన్. వారం గడిచాక చెప్పడం కష్టమైందంది. నెల గడిచేసరికి మొక్కను క్లబ్బులో అందరికీ చూపించేసిందట. "పిల్ల సంగతి రాస్తే మొక్క సంగతి కూడా రాయాలి కదా" అంది, అది ఎవరికైనా అర్థమయ్యే విషయమే అన్నట్టు.

మిస్ హెట్టీ గడ్డిటోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దవాళ్ళలో ఒకావిడ మారియన్ పక్కనుంచి రెండడుగులు ఎడంగా జరిగింది. ఆ రెండడుగులు చూసి తక్కినవాళ్ళూ జరిగారు. ఫలకానికీ మారియన్‌కీ చుట్టూ ఖాళీ నేల మిగిలింది.

డెల్‌ఫీన్ ఏడుస్తోంది. ముఖం మీద కడగకుండా ఉంచుకున్న నిన్నటి సీతాకోకచిలుక చెరిగిపోయింది. పోలీసులను పిలుద్దాం అత్తా, ఇప్పుడే పోదాం అంది. పిలుద్దువుగాని, ముందు ఒక పని ఉంది అంది వెర్నీస్. ఆమె గొంతు ఇప్పుడు బడి భోజనశాలలో వరస తప్పిన పిల్లలను ఆపే గొంతు.

"మిసెస్ థ్రెయిల్‌కిల్, తోట ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది?"

"అయిదింటిదాకా."

"మీరు ఇక్కడే నిలబడండి. అయిదింటిదాకా టిక్కెట్టు కొని వచ్చే ప్రతి మనిషికీ ఈ కథ చెప్పండి. ముసలి నల్లావిడ దగ్గర కాదు, వంటింటి తలుపు దగ్గర మొదలుపెట్టండి. పేరు చెప్పండి. లుటీషియా ప్రూయెట్. మధ్యలో ఎక్కడైనా తప్పితే నేను ఫోటో పైకెత్తి మళ్ళీ మొదలుపెడతాను. మా అమ్మ ఎనిమిదేళ్ళు చదువుకుంది మీ రెండు వాక్యాలు. మీరు ఆరు గంటలు మాట్లాడలేరా?"

మారియన్ తల ఇంటివైపు తిరిగింది. మిస్ హెట్టీ లేచి, తన కుర్చీని ఈడ్చుకొచ్చి, మారియన్‌కీ ఇంటి మెట్లకీ మధ్య వేసుకుని కూర్చుంది.

"నిలబడు మారియన్. నీ పువ్వుకి నేను ఇరవై ఏళ్ళు చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఇది కూడా వింటాను."

గేటు దగ్గర కొత్త గుంపు లోపలికి వచ్చింది. ఒహాయో నుంచి వచ్చిన యాత్రికులు, మెడలో కెమెరాలు. నవ్వుతూ, మలుపు తిరుగుతూనే పొదను చూసి నోళ్ళు తెరిచారు. ఇది ఎక్కడిదండీ అని ఒకాయన అడిగాడు. వెర్నీస్ టోపీ సవరించుకుని మారియన్ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. డెల్‌ఫీన్ ఆ నవ్వు చూసి భయపడింది.

మారియన్ మొదలుపెట్టింది. మొదటి మాటలు పక్కనున్నవాళ్ళకే వినిపించాయి. "గట్టిగా" అంది వెర్నీస్. గట్టిగా చెప్పింది మారియన్. వంటింటి తలుపు, పందికొవ్వు డబ్బా, గోనెగుడ్డ, నోటికి అడ్డం పెట్టిన చెయ్యి, నేల మీద దింపిన పెట్టె. అరిగిపోయిన కథైతే ఎక్కడ ఆగాలో ఆవిడ నాలుకకి తెలుసు. ఈ కథ ఎన్నడూ చెప్పింది కాదు. ఒక మాట ఇంకో మాటను లాక్కుంటూ పోయింది.

"పార్కు నడిచి పోయేంత దగ్గర కాదు, కారులో పావుగంట" అంది మారియన్. "దింపి వస్తానని మా ఆయన తమ్ముడు గ్రేడీ కారు తాళాలు తీసుకున్నాడు. ఇద్దరూ ఒంటిగంటకి కారులో బయలుదేరారు."

వెర్నీస్ ఆవిడ వైపు తిరిగింది. ఇందాక ఈ మాట లేదు. కారు లేదు, గ్రేడీ లేడు. మారియన్‌కి కూడా అప్పుడే అర్థమైనట్టుంది. చెయ్యి ముత్యాల దండ మీదికి పోయింది. కుర్చీలో మిస్ హెట్టీ ముందుకు వంగింది.

"గ్రేడీ ఎన్నింటికి తిరిగొచ్చాడు?" అడిగింది వెర్నీస్.

"రెండున్నరకి."

"ఎవరితో?"

మారియన్ ఫలకం వైపు తిరిగింది. జవాబు చెప్పవలసిన అవసరం లేదు. పావుగంట దారికి గంటన్నర తర్వాత కారు వచ్చింది, గ్రేడీ ఒక్కడే వచ్చాడు. లుటీషియా ప్రూయెట్ తిరిగి రాలేదు. అది 1971 ఏప్రిల్ పదిహేడు, శనివారం.